నేస్తం పేరు

దిగువపాలెంలో కొండదారి పెరట్లోంచే మొదలవుతుంది. గంగునాయుడి ఇంటికైతే మరీ దగ్గర. పశువులశాల దాటి, కంచెలో అడ్డకర్ర తప్పించి, మడిగట్టు పట్టుకుని పోతే గెడ్డ, అంటే కొండవాగు. గెడ్డ దాటితే అడవి. నర్సీపట్నం నుంచి వచ్చే బండిబాట ఊళ్ళోనే ఆగిపోతుంది. ఆ పైన ఎంత గొప్పవాడికైనా కాళ్ళే బళ్ళు. అంత దగ్గరున్న దారి మీద గంగునాయుడు మూడేళ్ళుగా కాలు పెట్టలేదు.

ఎందుకు పెట్టలేదో ఊరందరికీ తెలుసు. కొండవాళ్ళు సర్కారు మీద తిరగబడి పితూరీ లేచిన ఏడు గెడ్డ ఒడ్డున పోలీసు డేరాలు వెలిశాయి. పైకి పోయే ప్రతివాడి మూటా విప్పించారు. ఉప్పు పోకూడదు, చేప పోకూడదు, పొగాకు పోకూడదు. ఉప్పు మోసినవాడు పితూరీదారుల చుట్టమే అన్నారు. పితూరీ అణిగింది, డేరాలు లేచిపోయాయి. భయం మాత్రం వంటింటి చూరుకి పట్టిన మసిలాగ ఊళ్ళో ఉండిపోయింది.

ఆ కార్తీకమాసం ఆదివారం తెల్లవారుతూనే గంగునాయుడి పెళ్ళాం అప్పలకొండ మూట కట్టింది.

"ఉప్పు అడుగునెట్టినాను. ఎండుసేప నడాన. నేస్తం ఆడదానికి కోక పైనెట్టినాను. వాసన అంటకుండా అడ్డాకు సుట్టినాన్లే. ఆవిడికి ఎర్రంచంటే పేణం."

"బేగి కట్టే. బాపనోళ్ళు బండి దిగే యేళయింది."

"ఆళ్ళంటే బయమా నీకు, నేస్తమంటే సిగ్గా?"

గంగునాయుడికి రెండూ ఉన్నాయి.

కొండకీ పల్లానికీ మధ్య నేస్తరికం కట్టుకోవడం ఆ వైపు పాత మర్యాద. చుట్టరికం కన్నా గట్టిది. చుట్టం తప్పు చేస్తే కులపెద్దలు జరిమానా వేసి మళ్ళీ కలుపుతారు. నేస్తం తప్పితే కలిపేవాడు లేడు. గంగునాయుడూ, పైన జీలుగుమెట్టలో ఉండే అతనూ మీసాలు మొలిచే వయసులో సంతలో నేస్తరికం కట్టుకున్నారు. ఒకే ఆకులో అన్నం తిన్నారు. తలపాగాలు మార్చుకున్నారు. పసుపుతాడు ఒకరి చేతికి ఒకరు కట్టుకున్నారు. ఆ రోజుతో ఒకరికొకరు పేర్లు లేకుండా పోయారు. నువ్వూ నేస్తమే, నేనూ నేస్తమే. నేస్తం పేరు నోటితో అనేది వాడు చచ్చిన తరవాతే, వాడి పేర నీళ్ళు వదిలేటప్పుడే. బతికుండగా అన్నావంటే బతికుండగానే నీళ్ళు వదిలేసినట్టు. అందుకని గంగునాయుడి ఇంట్లో ఆ పేరు ఎవరూ పలకలేదు. పిల్లలకి ఆ పేరేమిటో తెలియను కూడా తెలియదు.

ఏటా కోతల ముందు కింది నుంచి ఉప్పూ చేపా కోకా ఎక్కేవి; పై నుంచి పసుపూ తేనే కందులూ దిగేవి. ఎవరిది ఎక్కువ, ఎవరిది తక్కువ అని ఎన్నడూ చూసుకోలేదు. గెడ్డ పక్కన గంగునాయుడు దున్నుకుంటున్న బంజరు చెక్క ఉందే, అందులో మొద్దులు పీకిందీ ఇద్దరే. ఒకడు గునపం వేస్తే ఒకడు తాడు లాగాడు.

ఈ మూడేళ్ళలో కొండ మీంచి రెండు మాట్లు కబురొచ్చింది. "నేస్తం బతికున్నాడా అని అడిగి రమ్మన్నాడు" అని. బతికే ఉన్నానని చెప్పి పంపాడు గంగునాయుడు. వెళ్ళలేదు.

ఇవాళ వెళ్ళడానికి వీలు కుదిరింది. నర్సీపట్నం కచేరీలో పెద్ద గుమాస్తా సోమయాజులుగారు జల్లుగెడ్డ దగ్గర వనభోజనం పెట్టుకుని, దారి చూపించమని గంగునాయుడికి కబురంపారు. ఆ కబురు కాదనలేనిది. ఎందుకంటే, గంగునాయుడి బంజరు చెక్కని రిజర్వు అడవిలో కలిపేస్తారని మాట పుట్టింది. దాన్ని రైతుకి ఉంచడమో, అడవి గీతలోకి తొయ్యడమో సోమయాజులుగారి కలం మీద ఉంది. 'వీడు నమ్మకస్తుడు' అని ఆయన ఒక్క ముక్క అంటే చాలు. మరోపక్క, జల్లుగెడ్డకి జీలుగుమెట్ట కేకపెట్టు దూరం. పెద్దలు వంటల హడావుడిలో ఉండగా ఒక్క ఉరుకు ఉరికి, మూట నేస్తం చేతిలో పెట్టి వచ్చేయవచ్చు. పెద్దమనుషుల వెంట నడిచేవాడి మూట ఎవడు విప్పమంటాడు? గంగునాయుడు ఆలోచించుకున్నది అది. ఆలోచన బాగానే ఉంది.

బండి దిగినవాళ్ళు నలుగురు. బొద్దుగా, చెమటలు తుడుచుకుంటూ, మాటకి ముందు నవ్వే సోమయాజులుగారు. ఆయన భార్య వర్ధనమ్మగారు. ఆవిడ తమ్ముడు మన్మథరావు. విశాఖపట్నంలో చదువుతున్నాడు, కాళ్ళకి బూట్లు, చేతిలో పొన్నుకర్ర. వెనకాల ఇత్తడి గిన్నెల కావిడితో వంటమనిషి.

"ఏమోయ్ నాయుడూ, దారిలో పులులున్నాయా?" అన్నారు సోమయాజులుగారు.

"ఉన్నాయి బావూ. మనుసుల్ని సూస్తే దాక్కుంటాయి."

"ఏ మనుషుల్ని చూస్తే?"

"కచేరీ మనుసుల్ని బావూ."

ఆయన పొట్ట పట్టుకుని నవ్వారు. వర్ధనమ్మగారు కూడా కొంగు అడ్డం పెట్టుకున్నారు. మొదలు బాగుందనుకున్నాడు గంగునాయుడు.

గెడ్డలో నీళ్ళు చల్లగా, అడుగున గులకరాళ్ళు లెక్కపెట్టుకోవచ్చన్నంత తేటగా ఉన్నాయి. దాటగానే వెదురు. వెదురు గుబుర్లలో పొద్దు ఇంకా దూరలేదు; సాలెగూళ్ళ మీద మంచు ముత్యాలు పోసినట్టుంది. దారి మునుపటి దారి కాదు. దారికి తిండి నడిచే కాళ్ళే. మూడేళ్ళు తిండి లేక అది సన్నగిల్లిపోయింది. రెండు పక్కల నుంచీ గడ్డి మీద పడింది. అడ్డతీగ ఒకటి ఈ చెట్టు నుంచి ఆ చెట్టుకి ఉయ్యాల వేసుకుంది. అయినా గంగునాయుడి కాళ్ళు తడుముకోలేదు. ఇదిగో మొసలి వీపులాంటి బెరడున్న మద్దిచెట్టు. ఇదిగో ఎలుగు గోళ్ళు గీరిన ఏగిసమాను. ఇదిగో వానల్లో కాలు జారితే నేస్తం జుట్టు పట్టుకుని పైకి లాగిన బండ. ఆ రోజున "జుట్టు లేకపోతే పోయేవోడివి నేస్తం, గుండు కొట్టించుకోకు" అని ఎంతసేపు నవ్వాడో.

మలుపు తిరిగేసరికి కింద లోయ విచ్చుకుంది. అవతలి వాలంతా వలిసెపూలు. కొండకి పసుపు పూసి కూర్చోబెట్టినట్టుంది. వర్ధనమ్మగారు నిలబడిపోయారు.

"ఇంత అందం పెట్టుకుని ఇన్నాళ్ళూ మనం కచేరీ సందులో కూర్చున్నామండీ," అన్నారు.

"అందానికేం, పితూరీలో అందరూ చస్తూంటే కూడా అలాగే పూశాయి," అన్నారు సోమయాజులుగారు, ఊపిరి తీసుకుంటూ.

మొదటి ఎక్కుడు తలమీద ఆకులమ్మ ఉంది. అమ్మవారంటే బొమ్మా లేదు, గుడీ లేదు. కరకచెట్టు మొదట్లో ఆకుల కుప్ప. వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ పక్క చెట్టు నుంచి ఒక రెమ్మ తుంచి దాని మీద వేసి, దారి క్షేమంగా సాగాలని అనుకుంటారు. గంగునాయుడు వేశాడు. వర్ధనమ్మగారు అడిగి తెలుసుకుని ఉసిరి రెమ్మ వేసి దణ్ణం పెట్టారు.

"ఆకులు మేసే అమ్మవారా! అయితే మేకలకి ఇలవేల్పు అన్నమాట," అన్నాడు మన్మథరావు.

"నోరు ముయ్యరా. కొండ దిగేదాకా కాళ్ళు నీవి కావు," అంది అక్క.

అక్కడ కాసేపు కూర్చున్నారు. గాలి తిరిగింది. మన్మథరావు ముక్కు ఎగబీల్చాడు.

"ఏమిటే అక్కా, ఈ కంపు?"

"నీ బూట్లేమో చూసుకో."

వాడు నిజంగానే బూటు విప్పి చూసుకున్నాడు. వంటమనిషి తన కావిడి వాసన చూశాడు. చివరికి నలుగురి కళ్ళూ గంగునాయుడి భుజం మీదున్న మూట దగ్గర ఆగాయి.

"అయ్యో రాత! కార్తీకమాసంలో, వంట గిన్నెల వెనకాలే చేపలా!" అని వర్ధనమ్మగారు ముక్కు మూసుకున్నారు.

"ఎవరికోయ్ అది?" అన్నారు సోమయాజులుగారు. కోపం లేదు. ఆయనకి వినోదంగానే ఉంది.

"ఎవులికో ఒకలికి బావూ. కొండోలకిస్తే కంద్లో పెండలమో ఎడతారని."

"నేస్తం ఉన్నాడేమిటి పైన?"

"నాకెవులూ నేస్తాలు లేరు బావూ."

ఆ మాట అంత సులువుగా వస్తుందని గంగునాయుడికే తెలియదు. అదీ ఆకులమ్మ ఎదుటే నోట్లోంచి వచ్చింది. అయినా ఇది పనికోసం అన్నది, మనసులోది కాదు అని సర్దుకున్నాడు.

సోమయాజులుగారికి పాత సంగతి గుర్తొచ్చింది. బావమరిది వైపు తిరిగారు.

"పితూరీ రోజుల్లో డేరాల దగ్గర రాతకోతలన్నీ నావేరా. కింది ఊళ్ళవాళ్ళలో కొండవాళ్ళతో సంబంధం ఎవడికుందో తేలేది కాదు. ఎవణ్ణి అడిగినా తెల్దు బావూ, తెల్దు బావూ. దొరలకి ఈ నేస్తాల గొడవ ఏం తెలుసు? నేను ఉపాయం చెప్పాను. పట్టుకున్న కొండవాణ్ణి ఎదురుగా నిలబెట్టి, 'వీడి పేరేమిటి?' అని అడగండి. టక్కున చెప్పినవాణ్ణి వదిలెయ్యండి. గుటక మింగినవాణ్ణి పట్టుకోండి. తన్నినా చెప్పడు వాడు, నేస్తం పేరు కదా! ఒక్కటంటే ఒక్కటి గురి తప్పలేదు."

"బలే!" అన్నాడు మన్మథరావు.

వర్ధనమ్మగారు లోయ వైపు తిరిగి కూర్చున్నారు.

గంగునాయుడికి పొరుగింటి కొండన్న గుర్తొచ్చాడు. కొండన్న ఆ డేరాల దగ్గర గుటక మింగాడు, తన్నులు తిన్నాడు. ఇప్పటికీ కుడిచెయ్యి భుజం దాటి ఎత్తలేడు. తలపాగా పెళ్ళాం చుట్టాలి. అయినా సంతలో అతని నేస్తం కనబడితే ఆ పక్కనుంచి కేక, ఈ పక్కనుంచి కేక. ఊరంతా వింటుంది.

"దాన్ని ఇక్కడ పడేసి రా నాయుడూ. నడవలేం దీంతో," అన్నారు సోమయాజులుగారు.

గంగునాయుడు పడెయ్యలేదు. కరకచెట్టు కొమ్మకి వేలాడగట్టాడు. తరవాత పరుగున వచ్చి తీసుకుపోవచ్చులే అనుకున్నాడు.

జల్లుగెడ్డ నల్లరాతి మీంచి తెల్లగా, మజ్జిగ ధారలాగ పడుతోంది. కింద మడుగు. మడుగు ఒడ్డున ఉసిరిచెట్టు, కొమ్మలు వంగేటన్ని కాయలతో. వర్ధనమ్మగారు చెట్టు మొదట్లో పసుపూ కుంకుమా పెట్టి దీపం వెలిగించారు. వంటమనిషి రాళ్ళు పొయ్యి చేశాడు. సోమయాజులుగారు నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని చిన్నపిల్లాడిలాగ కేరింతలు కొట్టారు. ఆ మనిషిని ఆ మాత్రం చూసినవాడెవడూ చెడ్డవాడనుకోడు.

"నాయుడూ, అడ్డాకులు కోసుకొస్తావుటోయ్, విస్తళ్ళకి?"

ఇదే సందు. ఆకుల కోసం వెళ్ళి, మూట అందుకుని, మెట్టకి పోయి... గంగునాయుడు నడుం బిగించి లేచాడు.

అప్పుడు పై నుంచి కేక వినబడింది.

"నేస్తం! ఓ... నేస్తం!"

కేక రాతికి తగిలి, లోయలో దొర్లి, మళ్ళీ వచ్చింది. నేస్తం, నేస్తం, నేస్తం. పొయ్యిలో పొగ చూశాడో, మలుపులో తలపాగా చూసి నడక గుర్తుపట్టాడో. జారే బండల మీద మేకపిల్లలాగ దిగి వస్తున్నాడు అతను. నడుముకి గోచి, భుజాన చిరుగుల దుప్పటి, చేతిలో మూతికి ఆకు కట్టిన వెదురుగొట్టం. చిక్కిపోయాడు. గడ్డంలో తెలుపు వచ్చింది. నవ్వు మాత్రం మొహానికి పట్టనంత ఉంది.

"సూసినాను! మెట్ట మీంచి సూసినాను! ఆ నడక ఇంకెవులిది?" అని అరుస్తూ వస్తున్నాడు.

సోమయాజులుగారు నీళ్ళలోంచి కాళ్ళు తీశారు.

"ఎవరోయ్ వాడు? నేస్తం అంటున్నాడు, ఎవర్ని?"

అక్కడ తలపాగా ఉన్నవాడు ఒక్కడే.

"కొండోలు బావూ. కనబడినోణ్ణల్లా నేస్తమంటారు."

"అలాగా." ఆయన నవ్వుతూనే ఉన్నారు. నవ్వు కళ్ళదాకా వెళ్ళలేదు. "సంతల్లో చూసే ఉంటావుగా. వాడి పేరేమిటి?"

అతను దగ్గరికి వచ్చేశాడు. ఆఖరి బండ మీద ఒక కాలు, నీళ్ళలో ఒక కాలు. మాట వినబడే దూరం.

గంగునాయుడికి గెడ్డ పక్క చెక్క కనబడింది. చోడిచేను రాగికంకులు ముడుచుకుని కోతకి వచ్చి ఉంది. పిడికిలంత కంకి, పిడికిలి బిగించినట్టే. దాని మీద అడవి గీత పడడం కనబడింది. కొండన్న చెయ్యి కనబడింది. గొంతులో గుటక తయారైంది. అది పడితే ఆయన చూస్తాడు. గుటక పడకముందే మాట బయటపడింది.

"మత్స్యలింగం, బావూ."

ఇన్నేళ్ళు నాలుక మీదికి రాని పేరు. ఎక్కడా తట్టుకోలేదు. నూనె రాసినట్టు జారిపోయింది.

జల్లు పడుతూనే ఉంది. మత్స్యలింగం బండ మీద అలాగే ఉన్నాడు. మొహం మీది నవ్వు వెంటనే పోలేదు. అతిథి లేచి వెళ్ళాక కూడా పరిచి ఉన్న చాపలాగ కాసేపు ఉండిపోయింది. గంగునాయుణ్ణి చూశాడు. సోమయాజులుగారి జందాన్ని చూశాడు. ఇత్తడి గిన్నెల్ని చూశాడు. నీళ్ళలో ఉన్న కాలు పైకి తీసుకుని, నడుం వంచాడు.

"దండాలు బావూ," అన్నాడు సోమయాజులుగారితో. తరవాత ఇటు తిరిగి, "దండాలు గంగునాయుడుగారూ," అన్నాడు.

సోమయాజులుగారు హాయిగా నవ్వేశారు. "పోన్లే నాయుడూ! ఇంత మంచి రోజున నిన్ను పట్టుకోవాలేమో అని హడిలిపోయాననుకో."

"గొట్టంలో ఏమిటి?" అని అడిగారు వర్ధనమ్మగారు.

"తేనమ్మా."

"అమ్ముతావా?"

"అమ్మడానికే తెచ్చినానమ్మా."

"ఏం కావాలి నీకు?"

మత్స్యలింగం ఆలోచించలేదు. "ఉప్పు," అన్నాడు.

ఆవిడ జాలిగుండె మనిషి. వంటకి తెచ్చిన ఉప్పులోంచి దోసిటి నిండా తీసి, అడ్డాకులో పోసి, ఇంకొంచెం పోసి ఇచ్చారు. అతను రెండు చేతులా అందుకుని కళ్ళకద్దుకుని, ఆకు జాగర్తగా మడిచి దుప్పటి కొంగున ముడి వేసుకున్నాడు. మన్మథరావు వేలు ముంచి తేనె నాకి, బ్రహ్మాండం అన్నాడు.

వడ్డన అయింది. పెద్దలు ఉసిరిచెట్టు కింద కూర్చున్నారు. వర్ధనమ్మగారు ఆ కొండవాడికి కూడా పెట్టమన్నారు. మడికి దూరంగా, రావిమొక్క పక్కన, ఇద్దరికీ రెండు ఆకులు వేశాడు వంటమనిషి. పులిహోర, వంకాయ కూర, ఉసిరి పచ్చడి. ఒకప్పుడు ఒకే ఆకులో తిన్న ఇద్దరూ చెరో ఆకు ముందు కూర్చున్నారు. ఆకుల మధ్య జానెడు నేల.

"నేస్తం," అన్నాడు గంగునాయుడు, తల వంచుకుని, మెల్లిగా.

మత్స్యలింగం వెనక్కి తిరిగి చూశాడు, ఇంకెవరినో పిలిచారేమోనని.

"ఆ బావు అడిగినాడు. ఏటి సెయ్యను? బంజరు ఆయన సేతిలో ఉంది. నువ్వూ నానూ మొద్దులు పీకిన సెక్క."

"నాకెరికే బావూ. మంచి నేల. సోడి బాగా పండుద్ది. ఒగ్గుకోకండి."

"బావూ అనకు."

"మరేటనమంటారు?"

గంగునాయుడు ముద్ద కలిపాడు, నోట్లో పెట్టుకోలేదు.

"ఆకులమ్మ కాడ మూట ఏలాడగట్టినాను. నీకనే తెచ్చినాను, ఒట్టు. ఉప్పూ, సేపా. నీ ఆడదానికి ఎర్రంచు కోక. పోయేటప్పుడు తీసుకో."

"ఆడది పోనాది. నిరుడు సలికాలం."

"అయ్యో! నాకొక కబురెట్టకపోతివి!"

మత్స్యలింగం మొదటిసారి అతని కళ్ళలోకి చూశాడు.

"ఎట్టినాను గదా. నేస్తం బతికున్నాడా అని. ఉన్నాడని సెప్పినారు. ఉంటే వొస్తాడని ఆవిడ నీళ్ళు నాలుగు దినాలు ఆపినాను."

ఉసిరిచెట్టు కింద సోమయాజులుగారు పచ్చడి మళ్ళీ వెయ్యమంటున్నారు. మన్మథరావు ఏదో అంటే అందరూ నవ్వారు.

"ఒక్క మాట సెప్పు," అన్నాడు గంగునాయుడు. "నువ్వు నన్ను పేరెట్టి పిలిసినావే. అది నన్ను ఆయన కాణ్ణించి కాయడానికేనా? కాయడానికే గదా?"

మత్స్యలింగం తిన్నంత తిన్నాడు. ఆకులో ఒక్క మెతుకు వదలకుండా తుడిచాడు. ఆకు మడిచాడు. నేస్తం ఇంట్లో తిన్నవాడు ఆకు తన వైపుకి మడుచుకుంటాడు. పరాయి ఇంట్లో తిన్నవాడు అవతలికి మడుస్తాడు. అతను అవతలికి మడిచాడు.

"తినండి బావూ. సల్లారిపోతంది," అని లేచాడు.

వర్ధనమ్మగారికి దణ్ణం పెట్టి, వచ్చిన బండల మీంచే ఎక్కిపోయాడు. వచ్చేటప్పుడు పరుగు, పోయేటప్పుడు ప్రతి బండ దగ్గరా కాలు చూసి వేశాడు. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. దుప్పటి కొంగున ఉప్పు ముడి మాత్రం వీపు మీద ఊగుతూ చాలాదూరం కనబడింది.

దిగేటప్పుడు వలిసెపూల మీద ఏటవాలు ఎండ పడి కొండ మరింత వెలిగింది. మన్మథరావు అక్కడ నిలబడి రాగం తీశాడు. ఆకులమ్మ దగ్గర మూట కొమ్మకే ఉంది. దాన్ని ఎవరూ చూడలేదు. గంగునాయుడు కూడా చూడనట్టే నడిచాడు.

బండి ఎక్కుతూ సోమయాజులుగారు గంగునాయుడి భుజం తట్టారు.

"బహు సుఖంగా గడిచిందోయ్. నమ్మకస్తుడివి నువ్వు. నీ బంజరుకి ఏం భయం లేదు, నే చూస్తాగా."

"తమ దయ బావూ."

"పై ఏడు కూడా నువ్వే తీసుకెళ్ళాలి మమ్మల్ని," అన్నారు వర్ధనమ్మగారు, తేనెగొట్టం ఒళ్ళో పెట్టుకుని.

బండి మలుపు తిరిగాక గంగునాయుడు మళ్ళీ గెడ్డ దాటాడు. పొద్దు గుంకే వేళకి ఆకులమ్మ దగ్గరికి చేరాడు. మూటకి చీమలు పట్టాయి. దులిపి దింపుకున్నాడు. అలవాటు కొద్దీ పక్క చెట్టు నుంచి ఒక రెమ్మ తుంచాడు. తుంచాక, ఏమని వెయ్యాలో తోచలేదు. ఏ దారి సాగాలని? రెమ్మని చేతిలోనే నలుపుతూ దిగిపోయాడు.

అప్పలకొండ గుమ్మంలో చోళ్ళు చెరుగుతోంది. మొగుణ్ణి చూసింది, భుజం మీది మూటని చూసింది. చేట ఆగింది.

"నేస్తం ఇంటికాడ లేడా?"

"ఉన్నాడు."

"ఒంట్లో బాలేదా?"

"బాగానే ఉన్నాడు. ఆడది పోనాది. నిరుడు."

"ఓలమ్మ!" అని ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కాసేపు కన్నీళ్ళు పెట్టుకుంది. తుడుచుకుంది. మళ్ళీ మూట వైపు చూసింది. "ఆవిడ పోతే పోనాది. ఉప్పేం సేసింది? సేపేం సేసింది? నేస్తం ఏటన్నాడు?"

"నన్ను పేరెట్టి పిలిసినాడు."

అప్పలకొండ చేట కింద పెట్టింది. పశువులశాలలో ఎద్దు గంట ఒకటి మోగింది.

"ముందెవులు?" అంది.

గంగునాయుడు కాళ్ళు కడుక్కోవడానికి గోలెం దగ్గరికి వెళ్ళాడు. ఒక చెంబు పోసుకున్నాడు, ఇంకో చెంబు పోసుకున్నాడు. కాళ్ళకి మట్టి ఎప్పుడో పోయింది. ఇంకా పోసుకుంటూనే ఉన్నాడు.

ఆవిడ అంతసేపూ ఎదురు చూసింది. తరవాత మూట విప్పింది. అడ్డాకు చుట్టినా కోకకి చేప వాసన పట్టనే పట్టింది. దాన్ని దండెం మీద పడేసింది. చేప ఉట్టిలో పెట్టింది. ఉప్పు పారబొయ్యకూడదు, పాపం. అందుకని వంటింట్లోకి తీసుకెళ్ళి ఇంటి ఉప్పుకుండలో పోసింది. పోస్తూ పోస్తూ, కుండతో చెప్పినట్టు, అంది.

"కొండన్నకి సెయ్యొక్కటే పోనాది."